నేను వేయని చాటింపు

దయ్యాల కథలు చెప్పేవాళ్లను చూసి నవ్వే రకం నేను. హాస్టల్లో చదివే రోజుల్లో, మూలగదిలో ఎవరో ఏడుస్తున్నారని అమ్మాయిలంతా ఒకే మంచం మీద ముడుచుకుంటే, ప్రశాంతంగా ఉంటుందని పరుపు ఆ గదికే మార్చుకుని పరీక్షలకు చదివాను. ఇప్పటికీ దయ్యం అనే మాట రాయడానికి నా మనసు ఒప్పుకోవడం లేదు. అందుకే ఏ పేరూ పెట్టకుండా జరిగింది జరిగినట్టు రాస్తాను. పాప నిద్రపోయాక దొరికే ఈ కాస్త సమయంలోనే రాయాలి, మధ్యలో లేస్తే ఆపాలి. అక్కడక్కడా తడబడితే మన్నించండి.

మాది చిత్తూరు వైపు. మా ఆయనకు తమిళనాడులోని హోసూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం రావడంతో ఇటు వచ్చాం. హోసూరు అద్దెలు భరించలేక, కృష్ణగిరి వెళ్లే దారిలో ఒక చిన్న పట్టణంలో మేడ మీద రెండు గదులు తీసుకున్నాం. ఊరి పేరు రాయను. ఆయన కంపెనీ బస్సులో వెళ్లి వస్తారు. పాపను చూసుకోవడానికి మా అత్త మాతోనే ఉంటుంది. నేను ఆ ఊరి మునిసిపాలిటీ ఆఫీసులో కాంట్రాక్టు మీద కంప్యూటర్ పని చేస్తాను.

నెలాఖరు వచ్చిందంటే ప్రతి సెక్షన్ వాళ్లూ ఆ నెల చేసిన పనులు, అయిన ఖర్చు నా టేబుల్ దగ్గరికి తెస్తారు. ఏయే వీధుల్లో దోమల మందు కొట్టారు, ఎక్కడ పైపు పగిలితే మార్చారు, ఏ వార్డులో దీపాలు వెలగడం లేదు, ఇంటి పన్ను ఏ మాత్రం వసూలైంది, ఎన్ని కుక్కలకు సూదులు వేశారు, ఎంతమంది పుట్టారు, ఎంతమంది పోయారు. అన్నీ ఒకచోట చేర్చి కౌన్సిల్ మీటింగుకు సిద్ధం చేయడం నా పని. బయటివాళ్లకు విసుగు పుట్టించే కాగితాలు. నాకు మాత్రం ఇష్టం. ఊరు నెలంతా ఏం తిన్నది, ఏం పారేసింది, ఎక్కడ దెబ్బ తగిలించుకుంది అన్నీ అందులో ఉంటాయి.

ఆ పనికి తోడు ఇంకొకటి వచ్చి పడింది. చెత్త ఎత్తుకెళ్లే ఆకుపచ్చ బ్యాటరీ బండ్లకు మైకులుంటాయి. తడి చెత్త వేరుగా ఇవ్వండి, పన్ను కట్టండి అని వీధివీధీ తిరుగుతూ చెబుతాయి. మా ఊళ్లో తమిళం, తెలుగు, కన్నడం మూడూ ఉన్నాయి కాబట్టి చాటింపు కూడా మూడు భాషల్లో ఉండాలని శానిటరీ ఇన్‌స్పెక్టర్ గారు పట్టుబట్టారు. తెలుగుకు నన్ను పిలిచారు.

"తమిళంలో చెప్తే మనోళ్లు మనకు కాదనుకొని లోపలికి పోతారమ్మా. నువ్వు చెప్పు. వార్తలు చదివినట్టొద్దు, ఇంట్లో చెప్పినట్టు చెప్పు" అన్నారు.

పాత ఫైళ్ల గదిలో ఫ్యాన్ ఆపి, ఆయన ఫోనులోనే రికార్డు చేశాం. చెత్త గురించి ఒకటి, పన్ను గురించి ఒకటి, దోమలు పెరగకుండా తొట్లు కడుక్కోమని ఒకటి. ఆ మూడే. నా గొంతు మా వీధిలోకి మొదటిసారి వచ్చిన రోజున మా అత్త మేడ మీది నుంచి అందరికీ వినిపించేలా "మా కోడలు! మా కోడలు మాట్లాడతా ఉండాది!" అని అరిచిందట.

పాప గురించి చెప్పాలి, లేకపోతే నా భయం అర్థం కాదు. పాప నెలలు నిండకుండా పుట్టింది. ఏడాది నిండకముందే విరేచనాలు పట్టుకుని కృష్ణగిరి ఆసుపత్రిలో చేర్చాం. సూది ఎక్కించడానికి చేతిలో నరం దొరకక, చివరికి తలలో వేశారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచి, ఇలాంటిది ఇంకొకసారి రానివ్వకండి, ఈ ఒళ్లు తట్టుకోలేదు అన్నది. ఆ మాట నాలో అలాగే ఉండిపోయింది. పాప ఒకసారి ఎక్కువగా దొడ్డికి వెళ్తే చాలు, రాత్రంతా పక్కనే మేలుకుని కూర్చుంటాను.

అందుకే పొద్దున్నే నీళ్లు కాచి, వడగట్టి, ఫ్లాస్కులో పోసి ఆఫీసుకు వెళ్తాను. మా అత్తకు అది నచ్చదు. కుళాయిలో వచ్చేది ఏటి నీళ్లు, కాస్తే సారం పోతుందని ఆమె గట్టి నమ్మకం. ఫ్లాస్కు అయిపోతే కుళాయి నుంచి పట్టిన కుండలో ముంచి తాగిస్తుందని నాకు తెలుసు. ఎన్నోసార్లు బతిమాలాను, ఒకసారి ఏడ్చాను కూడా. "మీ ఆయన్ని ఏం కాచి పెంచినానమ్మా?" అనేది.

ఆ రోజు బుధవారం, మా వీధికి కుళాయి వచ్చే రోజు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కుండ బోర్లించి ఉంది. బిందెలు కూడా ఖాళీ. మా అత్త పాపను చంకలో వేసుకుని, కోపంగా ఎదురొచ్చింది.

"ఏమ్మా, బండికెక్కించి ఊరంతా చాటేదానికి బదులు ఒక ఫోన్ చేసుంటే పోయుండేది కదా?"

ఏం చాటాను అని అడిగాను. పొద్దున నేను వెళ్లిన తర్వాత, ఆమె నీళ్లు పట్టుకుని వంటింట్లోకి వచ్చిందట. కింద వీధిలో బండి వచ్చినట్టు నా గొంతు వినిపించిందట. ఈ పొద్దు పట్టిన నీళ్లు తాగొద్దు, పారబోయండి, పిల్లలకు అసలు పట్టొద్దు అని. ఆ గొంతు రెండుసార్లు చెప్పిందట. ఆమె పారబోసింది. ఇంట్లో నేను చెబితే వినని మనిషి, వీధిలో నా గొంతు చెబితే వినింది.

నేను అలాంటిది రికార్డు చేయలేదు అన్నాను. ఆమె నమ్మలేదు. సరదాకి అంటున్నాననుకుంది.

కింద ఇంటి ఓనరు మునిరత్నమ్మ గారి దగ్గరికి వెళ్లాను. వాళ్లది ఇక్కడి పాతకాపు రైతు కుటుంబం, పక్క పల్లెలో ఇప్పటికీ టమోటా, చామంతి పండిస్తారు. ఆమె గాలివాటు మాటలు మాట్లాడే మనిషి కాదు. పెరట్లో బట్టలు ఉతుకుతుంటే తనకూ వినిపించిందన్నది. "నీ గొంతే. సంపులో నీళ్లంతా తోడి పారబోయించినావు కదమ్మా, మోటార్ కరెంటు ఎవరు కడతారు, మీ ఆఫీసా?" అని నవ్వింది. పక్క నాలుగిళ్లకు ఆమే చెప్పిందట, వాళ్లూ పారబోశారు. వాళ్లలో ఎవరూ మైకు వినలేదు.

మరుసటి రోజు మధ్యాహ్నానికి ఆఫీసుకు ఫిర్యాదులు మొదలయ్యాయి. మా వెనుక వీధిలో పిల్లలకు వాంతులు, విరేచనాలు. ఇద్దరిని కృష్ణగిరి తీసుకెళ్లారు. ఇంజనీరింగ్ వాళ్లు తవ్వి చూస్తే, కల్వర్టు కింద తాగునీటి పైపు చిట్లి మురుగు కలుస్తోంది. మా వీధికీ వెనుక వీధికీ అదే పైపు. మా ఇంట్లో, మునిరత్నమ్మ గారింట్లో, ఆమె చెప్పిన నాలుగిళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు. దేవుడి దయ, ఆ పిల్లలు కూడా బతికి ఇంటికి వచ్చారు.

పైపు చిట్లిన సంగతి బుధవారం పొద్దున ఆఫీసులో ఒక్కరికీ తెలియదు. ఈ మాట నేను గట్టిగా చెప్పగలను. ఫిర్యాదు ఏదొచ్చినా నెలాఖరు నివేదిక కోసం నా దగ్గరికే వస్తుంది.

మా వీధికి బండి తెచ్చే సెల్వక్కను అడిగాను. బుధవారం మైకులో ఏం వేశావక్కా అని.

"మైకా? యాడుందమ్మా మైకు? అది చెడిపోయి పోయిన వారమే పీకి మీ ఆఫీసులో ఇచ్చినాను కదా. ఈల వేసుకుంటా తిరగతా ఉండాను, నా దవడలు పోతా ఉండాయి. త్వరగా బాగు చేయించమ్మా నీకు పుణ్యముంటుంది."

నిజమే. ఆ మైకు ఆరోగ్య విభాగం కిటికీ పక్కన, వైర్లు వేలాడుతూ, రిపేరు ఖర్చుకు మంజూరు కోసం పడి ఉంది. రోజూ దాని పక్కనుంచే నడుస్తున్నాను. ఆ మంజూరు కాగితం టైపు చేసింది కూడా నేనే. మిగతా బండ్లలోని పెన్ డ్రైవులు అన్నీ తెప్పించి, మొదటి నుంచి చివరి దాకా విన్నాను. చెత్త, పన్ను, దోమలు. అంతే.

మా ఆయన నిదానం గల మనిషి. నీళ్లు వాసన వచ్చి ఉంటాయి, రోజూ నువ్వు చెప్పే మాటే అమ్మకు చెవిలో మోగి ఉంటుంది అన్నారు. అదే నిజమైతే ఎంత బాగుండు. కానీ మా అత్త మేడ మీద వంటింట్లో ఉంది, మునిరత్నమ్మ గారు కింద పెరట్లో. ఒకరితో ఒకరు మాట్లాడుకోకముందే ఇద్దరూ విన్నారు.

నెలాఖరు వచ్చింది. ఆ నెల నివేదికలో మా వీధి పేరే ఎక్కువ. పైపు మార్చిన ఖర్చు, నీళ్ల ట్యాంకర్ల బాడుగ, క్లోరిన్, వైద్య శిబిరం. మీటింగులో మా వార్డు కౌన్సిలర్ లేచి, ముందుగానే చాటింపు వేసి కొన్ని ఇళ్లనైనా కాపాడారని ఆరోగ్య విభాగాన్ని మెచ్చుకున్నారట. ఇన్‌స్పెక్టర్ గారు నా టేబుల్ దగ్గరికి వచ్చి గొంతు తగ్గించారు.

"చాటింపు వేసినామని ఒక లైను రాసెయ్యమ్మా."

"మనం వేయలేదు కదా సార్."

"వేయలేదంటే, మరి జనం విన్నదేందమ్మా? దానికి నువ్వు జవాబు చెప్తావా, నేను చెప్పాలా?"

రాశాను. వేరే పనులైతే ఎదురుగా ఖర్చు ఉంటుంది. దానికి మాత్రం ఖర్చు గడిలో గీత పెట్టాను.

వానాకాలం దగ్గర పడుతోంది, అవసరమైతే సిద్ధంగా ఉండాలని, అదే మాటను నిజంగా రికార్డు చేయమన్నారు ఇన్‌స్పెక్టర్ గారు. అదే గదిలో, ఫ్యాన్ ఆపి చదివాను. ఫోనులోకి ఎక్కించుకుని, ఇంటికి వచ్చి మా అత్తకు వినిపించాను. నాకు ఒక్కటే ఆశ. ఆమె అవును, ఇదే అంటే, ఎక్కడో పొరపాటు జరిగిందని సర్ది చెప్పుకోవచ్చు.

ఆమె కళ్లు మూసుకుని వినింది. తల అడ్డంగా ఊపింది.

"గొంతు నీదే. ఇట్ల చెప్పలేదు ఆ పొద్దు. ముందు పాపను పిలిచినావు, పేరు పెట్టి."

ఏ పేరు అని అడిగాను. ఆమె చెప్పింది.

ఆ పేరు ఇక్కడ రాయను. పాపకు పాలిచ్చేటప్పుడు, తలుపు మూసి, చెవిలో మాత్రమే నేను పిలిచే పేరు అది. మా ఆయనకు కూడా తెలియదు. ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదని అడిగితే, "నీ బిడ్డను నువ్వు ఏమైనా పిలుచుకుంటావు. ఊరంతా వినేటట్టు ముద్దుపేరు పెట్టి పిలిచినావే, దిష్టి తగలదా అనుకున్యా. అంటే నువ్వు బాధపడతావని ఊరకుండినా" అన్నది.

చెప్పులు కూడా వేసుకోకుండా కిందికి పరిగెత్తాను. మునిరత్నమ్మ గారు రాగులు చెరుగుతున్నారు. ఆ రోజు పేరు ఏదైనా వినిపించిందా అని అడిగాను.

"పేరా? పేరు గీరు నేను వినలేదమ్మా." చాట పక్కన పెట్టి నా ముఖంలోకి చూశారు. "ఏడస్తా చెప్పినావు. అది మాత్రం విన్నాను. ఆఫీసులో ఎవురో ఏమో అన్నారేమో, అడిగితే నొచ్చుకుంటావని అడగలేదు."

ఆ వారమే ఇన్‌స్పెక్టర్ గారి కాళ్లా వేళ్లా పడి బండ్లలోంచి నా గొంతు తీయించాను. ఇప్పుడు రెవెన్యూ సెక్షన్ అమ్మాయి గొంతు తిరుగుతోంది. మా అత్త ఇప్పుడు నీళ్లు తనే కాస్తుంది, నేను చెప్పే పని లేదు. పాప బాగుంది, మెట్లు ఎక్కుతోంది, చెప్పుల్ని నోట్లో పెట్టుకుంటోంది.

నాకే మనసు నిలవడం లేదు. తీయించి తప్పు చేశానా అని ఒక పూట, మంచిపని చేశానని ఒక పూట. కుళాయి రోజున ఆఫీసులో కూర్చుని, ఇంటికి మాటిమాటికీ ఫోన్ చేస్తాను. ఏం లేదమ్మా, నిద్రపోతా ఉండాది అంటుంది మా అత్త. ఫోన్ పెట్టేశాక, ఆ గొంతు మళ్లీ వినిపిస్తే ఎలా, అవసరమైనప్పుడు వినిపించకపోతే ఎలా అని ఇంకో భయం మొదలవుతుంది.

ఇద్దరు పెద్దవాళ్లు, లేని మైకులోంచి నా గొంతు ఎలా విన్నారో నాకు తెలియదు. ఎవరికైనా తెలిస్తే చెప్పండి, ఏ వివరణ అయినా ఒప్పుకుంటాను. నా గొంతు నాకు తెలుసు. ఎవరో ఏదో అన్నంత మాత్రాన అది వీధిలో ఏడవదు. పాపకు ఏమైనా అయితే తప్ప.

నా పాప ఆ నీళ్లు తాగలేదు. మరి ఆ రోజు మా వీధిలో నా గొంతుతో అంతగా ఏడ్చిన ఆమె పాపకు ఏమైందో నాకు అడగాలని ఉంది. ఎవరిని అడగాలో తెలియదు.