దొరసాని ముట్టని కాలు

మా ముత్తాత కోట్‌పల్లి వైపు ఏడు ఊళ్లకు దేశ్‌ముఖు. మా తాత గడి అనే మా కోటలాంటి ఇంటి అరుగు మీద కూర్చుని తగాదాలు తీర్చేవాడు. గడి ముందు నుంచి నడిచేవాళ్లు చెప్పులు విడిచి చేత పట్టుకునేవారు. మా నాన్న కాలంలో పోలీసు చర్య జరిగింది. నిజాం పాలన పోయింది, ఊళ్ల మీద మా పెత్తనమూ పోయింది. నేను హైదరాబాదులో నర్సు పని నేర్చుకుని నౌకరీలో చేరాను. గొప్ప కోసం ఇది చెప్పడం లేదు. పదేళ్లుగా నేను మోస్తున్న బరువు ఎక్కడ మొదలైందో మీకు తెలియాలంటే గడి నుంచే మొదలుపెట్టాలి.

ఆ బరువు ఒక మనిషి ప్రాణం. అతని పేరు ఎల్లయ్య. నేనతన్ని చంపలేదు. కట్టవలసిన కట్టు కట్టలేదు.

అప్పుడు తాండూరులో ఒక చిన్న సర్కారు దవాఖానలో పనిచేసేదాన్ని. అక్కడ మా ఇంటి పేరు ఎవరికీ పట్టదు. "ఓ నర్సమ్మా, ఇటు రా" అని పిలిచేవారు. పలికేదాన్ని. ఆ రోజు డాక్టరుగారు ఒక కొట్లాట కేసులో సాక్ష్యం చెప్పడానికి వికారాబాద్ కోర్టుకు వెళ్లారు. మధ్యాహ్నం మూడింటి రైలుకు గానీ తిరిగి రారు. పొద్దున పదిగంటల వేళ నాపరాయి గని నుంచి ఎల్లయ్యను ఎడ్లబండిలో తెచ్చారు. బండ జారి అతని మోకాలి కింది భాగం మీద పడింది. ఎవరో తువాలు చుట్టారు. అది తడిసి నేల మీదికి నెత్తురు కారుతోంది. వెంట అతని భార్య ఉంది.

కత్తెర, పట్టీలు తీసుకుని కాలి దగ్గర వంగాను. అతను నా ముఖం చూశాడు. చిన్నప్పుడు వాళ్ల నాన్నతో గడికి వచ్చినప్పుడు నన్ను చూశాడట. గబుక్కున కాలు వెనక్కి లాక్కోబోయి, నొప్పికి పళ్లు బిగించాడు.

"వద్దు దొరసాని! నా కాళ్లు మీరు ముట్టొద్దు. డాక్టర్ సాబ్ వచ్చేదాంక ఓర్సుకుంట."

"గాయన మూడింటి రైలుకు గానీ రాడు," అన్నాను.

"రానీయుండ్రి. మీ వాకిట్ల బండలు పరిచింది మా నాయిన. గా ఇంటి బిడ్డతోని కాళ్లు వట్టించుకుంటనా?"

అతని భార్య నెత్తి కొట్టుకుంది. "అగో, మీద వడ్డప్పుడు గా బండనడిగినవా, నువ్వెవలింటి బండవని? బతికుంటె గద మర్యాద! అమ్మా, గాయన మాట ఇనకుండ్రి. జర కట్టు కట్టుండ్రి."

నేను లేచి నిలబడ్డాను. "ఆయన వద్దంటుండు గద. వద్దన్న మనిషిని ముట్టుడు కాయిదకు ఒప్పదు," అన్నాను.

ఆ కాయిదా నిజమే. స్పృహలో ఉన్న రోగి వద్దంటే బలవంతం చేయకూడదని మాకు నేర్పారు. కానీ దానికి ముందు మాట ఒకటుంది. కట్టు కట్టకపోతే ఏమవుతుందో రోగికి విడమరచి చెప్పాలి. అది విన్న తర్వాత కూడా వద్దంటేనే అది నిరాకరణ. "ఇక్కడ నేను దొరసానిని కాను, ఎల్లయ్యా. కట్టకపోతే చచ్చిపోతవు" అనాలి. ఒక్క మాట. ఎందుకు అనలేదు?

ఇదే నన్ను ఇప్పటికీ తొలిచే ప్రశ్న. భయమా? కాదు, అంతకంటే పెద్ద గాయాలకు కట్టాను. ద్వేషమా? అతని మీద నాకేం ద్వేషం? ఎన్నో ఏళ్ల తర్వాత ఒకరు నన్ను దొరసాని అన్నారు. ఆ మాట చెవిన పడగానే నా వెన్ను దానంతటది నిటారుగా అయింది. మళ్లీ వంగాలంటే ఆ మాటను నా నోటితో నేనే కొట్టివేయాలి. అది నా వల్ల కాలేదు. అంత చిన్న సంగతా అని మీరు అడగవచ్చు. నేనూ అదే అడుగుతున్నాను.

రిజిస్టరులో "రోగి చికిత్స నిరాకరించాడు" అని రాశాను. అతని చేయి నా చేతిలోకి తీసుకుని, బొటనవేలికి సిరా పూసి ముద్ర వేయించాను. అప్పుడు వేళ్లు చల్లగా ఉన్నాయి. చల్లబడిన వేళ్లకు అర్థమేమిటో నాకు తెలుసు. విచిత్రం, నేను చేయి పట్టుకుంటే అతను వద్దనలేదు.

డాక్టరుగారు వచ్చి కట్టు కట్టి సాయంత్రం రైల్లో హైదరాబాదుకు పంపారు. వికారాబాద్ చేరేలోపే ఎల్లయ్య పోయాడు.

విచారణకు పోలీసు జమేదారు వచ్చాడు. "ఆయమ్మను బతిమాలిన, కట్టలే" అంది భార్య. జమేదారు నా వైపు తిరిగాడు. "దుఃఖంలో ఏదో అంటున్నది. ప్రమాదమని అతనికి అన్నీ చెప్పాను, వినలేదు" అన్నాను. ఆ అబద్ధాన్ని అతను కాగితం మీద రాసుకున్నాడు. ఆమె మాట రాయలేదు. వేలిముద్ర తీసుకుని మంచిపని చేశానని డాక్టరుగారు మెచ్చుకున్నారు. ఎల్లయ్య తన మొండితనంతో పోయాడని గనిలో అందరూ అనుకున్నారు. ఆమె ఆ మాటలు వింటూ అదే గనిలో రాళ్లు మోసింది.

ఒకరోజు గదిలో తలుపు వేసుకుని, చుట్టిన దిండుకు పట్టీ గట్టిగా నొక్కి కట్టి చూశాను. గడియారం ఎదురుగా పెట్టుకున్నాను. నాలుగు నిమిషాలు పట్టింది. రెండోసారి ఇంకా తక్కువ. ఎల్లయ్య డాక్టరుగారి రైలు కోసం అయిదు గంటలు ఎదురుచూశాడు.

మీరు క్షమించాలని ఇది రాయడం లేదు. క్షమించవలసిన మనిషి మీరు కాదు. ఆమె దగ్గరికి వెళ్లే ధైర్యం నాకు ఇప్పటికీ లేదు. ఆ రిజిస్టరులో రాసింది అబద్ధమని ఒక్క కాగితం మీదనైనా ఉండాలి. ఇప్పుడు ఉంది. ఊపిరి కొంచెం లోపలిదాకా పోతోంది.

పోయిన వేసవిలో మా అన్న గడి వాకిట్లో ఎల్లయ్య తండ్రి పరిచిన బండలన్నీ పెళ్లగించి తాండూరు వ్యాపారి ఒకరికి అమ్మేశాడు. పదకొండు ఎడ్లబండ్లు పట్టాయి.