మల్లన్న అనని మాట

ఎవరైనా దయ్యాల కబుర్లు మొదలుపెడితే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. అందుకే నాకు జరిగింది జరిగినట్టే రాస్తున్నాను.

మాది కాకినాడ. మా ఆయన ఉద్యోగం వల్ల ఖతార్ వచ్చి అల్ వుకైర్‌లో ఉంటున్నాం. నేను ఇంట్లో కూర్చుని అనువాదాలు చేస్తుంటాను. దోహాలో ఒక కాలేజీ హాల్లో మానవ హక్కుల డాక్యుమెంటరీల ఉత్సవం జరుగుతోందని, తన సినిమాకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాసిపెట్టమని సమీరా అడిగింది. ఆమెది లక్నో. తెలుగు ఒక్క ముక్క రాదు.

సినిమా బిల్డింగ్ పనులు చేసే కూలీల గురించి. అందులో జగిత్యాల వైపు మనిషి మల్లన్న ఉన్నాడు. కూలీలుండే క్యాంప్‌లో తన గదిలో మంచం మీద కూర్చుని ఎండలో డ్యూటీ గురించి, ఇంటి దగ్గర కూతురి గురించి మాట్లాడతాడు. అది తీసిన మూడు నెలలకు అతను పనిచేసే చోటే చనిపోయాడు. కాగితాల్లో సహజ మరణమని రాశారు. అప్పటికి నాకు తెలిసింది ఇంతే.

పగలు పదకొండు గంటలకు హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఆడియో మాత్రమే వింటూ ఆ భాగం రాశాను. చివర్లో మాట సరిగ్గా అందక రెండుసార్లు వెనక్కి తిప్పి విన్నాను.

"నీళ్ళు నీళ్ళని మొత్తుకున్న. బయటికెల్లి గొళ్ళెం పెట్టిండ్రు. ఖాజా ఇన్నడు."

నోట్‌బుక్‌లో తెలుగులో రాసుకుని, ఇంగ్లీషు చేసి పంపాను. ఎవరో బయట గొళ్ళెం పెడితే తన అరుపులు ఖాజా అనే అతను విన్నాడని, ఏదో పాత గొడవ చెబుతున్నాడనుకున్నాను. సమీరా హడావుడిలో సరిచూడకుండానే సినిమాకి ఎక్కించేసింది.

ప్రదర్శన శుక్రవారం మధ్యాహ్నం. క్యాంప్ నుంచి కూడా కొంతమందిని పిలిచారు.

తెర మీద మల్లన్న మాటలు ఆపి కెమెరా వైపు ఊరికే చూస్తున్నాడు. పెదవులు కదలడం లేదు. ఫ్యాను చప్పుడు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. కింద మాత్రం నేను రాసిన మూడు వాక్యాలు వచ్చాయి.

ఆ మాటలు నేను చెవులారా విని రాసినవి.

మూడో వరసలో ఒకాయన లేచి నిలబడ్డాడు. "బంద్ చెయ్యుండ్రి! ఇన్న. అవును, నేను ఇన్న!" అని అరిచి అక్కడే కూలబడ్డాడు.

అతనే ఖాజా. మల్లన్న గదిలో ఉండేవాడు. ఆ పేరు గల మనిషి ఆ గదిలో నిజంగా ఉన్నాడని అప్పటిదాకా నాకు గానీ సమీరాకు గానీ తెలియదు.

వరండాలో కూర్చోబెట్టి నీళ్ళిస్తే తాగలేదు. ఆ రోజు కళ్ళు తిరుగుతున్నాయని మల్లన్న పని ఆపాడట. నాటకాలాడుతున్నాడని సూపర్‌వైజర్ అతన్ని రేకుల గదిలోకి నెట్టి గొళ్ళెం పెట్టాడట.

"శానాసేపు తలుపు కొట్టిండు మేడం. తీస్తే నన్ను గూడ ఇండియా పంపిస్తరని భయమైంది. పొద్దు గూకినంక తీసేసరికి అన్నకు పానం లేదు. యా అల్లా... ఎవ్వలకు చెప్పలే. నా పెండ్లానికి గూడ చెప్పలే."

ఇంటర్వ్యూ తీసింది ఆ చావుకు మూడు నెలల ముందు.

అసలు రికార్డింగ్ తీసి మళ్ళీ విన్నాం. సౌండ్ చూసే అతను ఎంత పెంచినా ఫ్యాను చప్పుడే. నా నోట్‌బుక్‌లో మాత్రం ఆ మాటలు నా దస్తూరీతోనే ఉన్నాయి.

మర్నాడు ఖాజా జరిగినదంతా ఫిర్యాదు రాసి సంతకం పెట్టాడు. దానివల్ల ఏమవుతుందో ఇంకా తెలియదు. తర్వాత మా ముందే మల్లన్న భార్యకు ఫోన్ చేశాడు.

"వదినా, నేను తలుపు తియ్యలే," అన్నాడు. సబ్‌టైటిల్ సంగతి కూడా చెప్పాడు.

ఆమె తిట్టలేదు. "గా మాట నాకు ఇనిపియ్యుండ్రి," అంది.

అక్కడ ఏమీ లేదని నేను చెప్పబోయాను. ఖాజా ఆమె మాట హిందీలో చెప్పగానే సమీరా నా చెయ్యి పట్టుకుని ఆపి, ఫోన్ దగ్గర ఆ భాగం పెట్టింది. మా ముగ్గురికీ ఫ్యాను చప్పుడే వినిపించింది.

అవతల ఆమె ఏడుస్తోంది.

"ఇంకొక్కసారి పెట్టుండ్రి," అంది.

పెట్టాం. ఆమె ఏం విందో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. హెడ్‌ఫోన్స్ పెట్టుకున్న ఆ రోజు నేను విన్నది ఎవరి గొంతో ఇవాళ్టికీ చెప్పలేను.