ముందుకు వంగిన అద్దాలు

కొత్తగా ఉద్యోగంలో చేరిన ఆ రోజుల్లో నాకొక జబ్బు ఉండేది. మెడలో ఐడీ కార్డు పడేసరికి, ఆ మెడ ఎవరింటిదో మరిచిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది కానీ, అప్పట్లో చాలా సీరియస్‌గానే మరిచిపోయాను. హోటళ్ళకూ ఆఫీసులకూ గోడల అలంకారం చేసిపెట్టే చిన్న కంపెనీ మాది. ఏ గదిలో ఏ పటం, ఏ అద్దం, ఎంత ఫ్రేము, నేల నుంచి ఎంత ఎత్తు అన్నీ కాగితం మీద గీసివ్వడం నా పని. (మా అమ్మ మా ఛత్రినాక గల్లీలో ఇరుగుపొరుగుకు "మా పిల్ల మొలలు యాడ కొట్టాల్నో చెప్తది" అని చెప్పేది. నాకు ఒళ్ళు మండేది కానీ, ఇంతవరకూ ఎవరూ అంతకంటే బాగా చెప్పలేదు.)

మా పై అధికారి ఆరడుగుల మనిషి. జేబులో కొలతల టేపు లేకుండా టీకి కూడా వెళ్ళడు కాబట్టి అందరం టేపు సార్ అనేవాళ్ళం. చేరిన ఐదో నెలలో ఆయన నన్ను పిలిచి, ఉస్మాన్‌గంజ్ సేఠ్ ఒకాయన కొత్తగా కట్టిన హోటల్ నాకు అప్పగించాడు. నలభై గదులు. చార్మినార్‌కు పెళ్ళి బజారు చేయడానికి వచ్చే కుటుంబాలు దిగే చోటు. "ఇది మంచిగ చేసినవనుకో, నౌకరీ పక్కా. లేకపోతే నీకూ నాకూ ఇక్కడికే ఖుదా హాఫిజ్" అన్నాడు. నెల రోజులు కూర్చుని ప్రతి గోడా గీశాను. పని మొదలయ్యే వారం ముందు ఫ్రేములు కట్టేవాడు చేతులెత్తేశాడు. కంగారులో నా నోటి నుంచి "మా ఏరియాలో ఒక పాత పనిమంతుడు ఉన్నాడు సార్" అని వచ్చేసింది.

ఆ పాత పనిమంతుడు మా బాపు. ఛత్రినాకలో దేవుడి పటాలు కట్టే దుకాణం ఆయనది. ఆఫీసులో ఎవరైనా అడిగితే "నాన్నగారు బిజినెస్" అని ఊరుకునేదాన్ని. ఇక ఇప్పుడు ఆయనే అక్కడికి వస్తున్నాడు. ముందురోజు ఆయన అన్నం తింటుండగా మెల్లగా విషయం ఎత్తాను.

"బాపూ, అందరి ముంగట నన్ను బిడ్డా అని పిలువకు."

"మరేమని పిలువాలె?"

"మేడమ్ అను. అందరు గట్లనే అంటరు."

బాపు ముద్ద మింగాడు. "సరే తీ, గట్లనే అంట. గిదో పెద్ద ఫికరా" అని చారు పోయమన్నాడు. ఆయన కోప్పడి ఉంటే నాకు తేలికగా ఉండేది.

బాపు నాలుగు రోజుల్లో నలభై గదులూ ముగించాడు. ఎత్తులో వేలెడు తేడా లేదు. ఐదో రోజు పొద్దున సేఠ్, ఆయన తల్లి చూడటానికి వచ్చారు. టేపు సార్ అందరికంటే ముందు మొదటి గదిలోకి వెళ్ళి అద్దం ముందు నిలబడి, అలాగే ఉండిపోయాడు. వెనకే వెళ్ళిన నేను చూశాను. అద్దంలో సార్ చొక్కా గుండీలున్నాయి, బెల్టు ఉంది, బూట్లున్నాయి. తల లేదు.

మా ఇళ్ళలో దేవుడి పటం గోడకు ఆనించి కట్టరు. అడుగు అంచును రెండు మొలల మీద నిలబెట్టి, పైన తీగ వదులుగా కట్టి, పటం ముందుకు వంగేలా వేలాడదీస్తారు. బాపు నలభై గదుల్లో పటాలూ అద్దాలూ అన్నీ అలాగే కట్టాడు. తప్పు ఆయనది కాదు. నేను గోడను ఎదురుగా గీశాను కానీ పక్క నుంచి చూస్తే ఎలా ఉండాలో గీయలేదు. పటాల దుకాణంలో పుట్టి పెరిగినదాన్ని. గోడకు ఆనించి కట్టమని చెప్పాలని నాకు తట్టలేదు, నాలుగు రోజులూ చూస్తున్నా వంకరగా అనిపించనూ లేదు.

"ఏంది భాయ్ ఇది? గిట్ల వంకర ఎందుకు పెట్టినవ్?" అన్నాడు సార్.

"వంకర కాదు సార్. దేవుడు మన దిక్కు చూడాలె గద. సీదా పెడితే ఎదురు గోడనే చూస్తడు" అన్నాడు బాపు.

"దేవుడేడి ఇక్కడ? ఇది అద్దం."

బాపు అద్దం వైపూ సార్ వైపూ చూశాడు. ఆ ప్రశ్న ఆయనకు అప్పుడే మొదటిసారి ఎదురైనట్టుంది. నౌకరీ పోయిందనే అనుకున్నాను.

ఇంతలో సేఠ్ తల్లి లోపలికి వచ్చింది. నడుము బాగా వంగిన మనిషి, అద్దం కింది అంచు దాకా కూడా రాదు. సార్‌ను పక్కకు జరగమని నిలబడి చూసుకుంది. కొంగు సర్దుకుంది, కుచ్చిళ్ళు చూసుకుంది, కాలి మెట్టెలు కూడా చూసుకుంది. "ఏ హోటల్‌కు పోయినా నా పాపిట కూడ కనవడదురా. ఇయ్యాల నేను పూరా కనవడ్డ. గిది ఎవరు పెట్టిండ్రు?" అని కొడుకును అడిగింది.

అద్దంలో తన తల లేని సంగతి టేపు సార్ ఆ క్షణంలోనే మరిచిపోయాడు. "మా ఆఫీసు అమ్మాయి ప్లాన్ అమ్మా" అని నన్ను ముందుకు తోశాడు. అందరూ నన్నే చూస్తున్నారు. బాపు కూడా నన్నే చూస్తున్నాడు, ముఖం నిండా సంతోషంతో. "నేను కాదమ్మా, ఈయన. నేను ఈయన బిడ్డను" అన్నాను.

బాపు గాభరాపడ్డాడు. "లేదు సార్, లేదు. మా గల్లీ పిల్ల. చిన్నప్పటి సంది చూస్తున్న గదా, గట్లనే అంటది. మేడమే అంతా చెప్పింది, నేను మొలలు కొట్టిన గంతే" అన్నాడు. నాకిచ్చిన మాట ఆయన తప్పేలా లేడు.

ముసలమ్మ వెనక్కి తిరగనైనా లేదు. అద్దంలోనే మా ఇద్దరినీ చూస్తూ, "ఎందుకయ్యా అబద్ధాలాడుతవ్? ముక్కు చూడు, ఇద్దరిది ఒక్కటే" అంది.

అద్దాలు అలాగే ఉంచారు, పటాలు మాత్రం గోడకు ఆనించమన్నారు. ఆ పని బాపూ నేనూ కలిసి రెండు రోజులు చేశాం. ఉద్యోగం నిలబడింది. ఈ రోజుకీ ఎవరైనా మీ నాన్నగారు ఏం చేస్తారని అడిగితే, తీగ ఎలా మెలిపెడతాడో, జిగురు ఎలా కాస్తాడో, గాజు ఎలా కోస్తాడో, అడిగినవాళ్ళు ఫోన్ చూసుకునేదాకా చెబుతూనే ఉంటాను. ఐడీ కార్డు వేసుకున్న ఆ పిల్ల, అదే ఆనాటి నేను, ఇప్పుడు పక్కనుంటే సిగ్గుతో టేబుల్ కింద దాక్కునేది. దాక్కోనీ పాపం, చిన్నపిల్ల అనుకుని, నేను మాత్రం చెప్పడం ఆపను.