చైనా వాళ్ళు వద్దన్న మనిషి

కొన్నేళ్ళుగా నేను చైనా మీద ఒక నింద మోపి తిరుగుతున్నాను. పెద్ద దేశం కాబట్టి దానికి ఆ సంగతి తెలియను కూడా తెలియదు. బరువంతా నా మీదే ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పడం తేలిక. మధ్యలో నవ్వొస్తే నవ్వండి. చాలా చోట్ల నాకూ వచ్చింది. నా ఇబ్బందల్లా అదే.

కరోనాకు ముందు సంగతి. మా బాబాయికి కైకలూరు దగ్గర చేపల చెరువులున్నాయి. నేను తాడేపల్లిగూడెంలో పిల్లలకు ఫిజిక్సు చెబుతాను. ఒక వేసవిలో ఇద్దరం నేపాల్ మీదుగా మానస సరోవరం వెళ్ళాలనుకున్నాం. నాకు ఆ ఎత్తు మీద మోజు. బాబాయి కారణం వేరు. ఏటా చలికాలంలో హిమాలయాలు దాటి కొల్లేటికొచ్చే బాతులు తిరిగి వెళ్ళేది ఆ సరస్సుకేనని ఆయన నమ్మకం. "మన దగ్గర తిని బలిసి, అక్కడికెళ్ళి ఏం వెలగబెడుతున్నాయో చూసొద్దాంరా," అనేవాడు. అన్ని బాతులూ అక్కడికి వెళ్ళవన్నాను. "కొన్నెళ్ళినా చాలు," అన్నాడు.

సరస్సు ఉన్నది టిబెట్‌లో. అంటే చైనా అనుమతి కావాలి. ఏలూరులో ట్రావెల్స్ ఆయన నిబంధనలు చెబుతుంటే మా ఇద్దరికీ ఒళ్ళు పులకరించింది. ఎవరికి వారు వెళ్ళడానికి లేదు. గుంపు మొత్తానికి ఒకటే వీసా కాగితం, అందులో పేర్లున్న వరసలోనే సరిహద్దు దాటాలి. టిబెట్ మతగురువు బొమ్మ ఉన్న పుస్తకం సంచిలో దొరికిందా, అంతే. సైనికుల్ని ఫొటో తీయకూడదు. డెబ్బై దాటినవాళ్ళను రానివ్వరు. బాబాయి డెబ్బైకి కాస్త ఇవతలే ఉన్నాడు. నిబంధన కఠినమయ్యే కొద్దీ మాకు హుషారెక్కింది. తిరుగు బస్సులో ఖాకీ బట్టల కండక్టరు దగ్గరికి రాగానే బాబాయి ఫోను జేబులో పెట్టేసుకున్నాడు. అలవాటు కావాలట.

ఆ పైన చలికి అలవాటు పడాలి. కైకలూరులో చలి ఎక్కడ దొరుకుతుంది? ఐసు ఫ్యాక్టరీలో. చేపల లారీలకు ఐసు పోసే ఫ్యాక్టరీ ఆయన స్నేహితుడిదే. బయట మే నెల ఎండ మండిపోతుంటే, బాబాయి మంకీ క్యాపూ లావుపాటి జాకెట్టూ వేసుకుని ఐసు దిమ్మల గదిలో నిలబడేవాడు. ఒకరోజు నన్నూ లాక్కెళ్ళాడు. నోట్లోంచి పొగలొస్తుంటే వాటిని చూసుకుని మురిసిపోతూ, "టిబెట్టంటే ఇంతేరా. కాకపోతే అక్కడ చేపల కంపుండదు," అన్నాడు. అంత సంతోషంగా ఉన్న మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

గుండె పరీక్షలో ట్రెడ్‌మిల్లు మీద ఆయన చెరువు గట్టున నడిచినట్టు నడిచి దిగాడు. ఆయాసం వచ్చింది నాకు.

అప్పుడే ట్రావెల్స్ ఆయన ఇంకో మాట చెప్పాడు. పైన ఎవరికైనా ఊపిరి అందకపోతే వెంటనే కిందికి దింపేస్తారు. పెద్దవాళ్ళయితే వాళ్ళతో ఇంటి మనిషి ఒకరు దిగాలి. బాబాయి తలూపాడు. నేను ఆ మాటను ఇంటిదాకా మోసుకొచ్చాను. సరస్సు ఇంకో పూట దూరంలో ఉండగా ఆయన దగ్గుతాడు, నేను వెనక్కి తిరగాలి. ఆ దగ్గు నాకు తాడేపల్లిగూడెంలోనే వినిపించసాగింది. ఆయన ప్రాణం గురించి భయపడ్డానా? అలాగని నాకు నేను చాలాకాలం చెప్పుకున్నాను. నిజంగా భయపడి ఉంటే డాక్టరుని అడిగేవాణ్ణి కదా? పోనీ ఆయన్నే అడిగేవాణ్ణి కదా? అవేమీ చేయలేదు. ట్రావెల్స్‌కు ఫోను చేసి, "మా బాబాయి గారు మానుకున్నారండీ, పేరు తీసేయండి," అన్నాను. చాలా మర్యాదగా మాట్లాడాను.

తర్వాతి ఆదివారం కైకలూరు వెళ్ళాను. బాబాయి అరుగు మీద కూర్చుని కొత్త బూట్లకు తాళ్ళు ఎక్కిస్తున్నాడు.

"మీ పర్మిట్ రాలేదు బాబాయ్."

"రాలేదా? ఎవరివ్వలేదంట?"

"చైనా వాళ్ళు."

"నీకొచ్చిందా?"

"వచ్చింది."

తాళ్ళు ఎక్కించడం ఆపలేదు. ఆ బూటు పూర్తిచేసి పక్కన పెట్టాడు. "ఎందుకంటరా?"

"వాళ్ళు కారణాలు చెప్పరు బాబాయ్." ఆరోజు నేను పలికిన నిజం అదొక్కటే.

రెండో బూటు చేతిలోకి తీసుకున్నాడు. "మొన్న దీపావళికి ఏలూరులో కొట్టు ముందు నిలబడి, చైనా బల్బులు నాకొద్దని గట్టిగా అరిచానురా. ఆ సంగతి గానీ పోయిందంటావా అక్కడికి?"

లోపల్నుంచి పిన్ని, "ఏవండీ, ఆ బల్బులేవో కొనేస్తే పోయేది కదండీ!" అంది.

నేను, "అయ్యుండొచ్చు," అన్నాను.

పేరు తీయించినందుకు ఎప్పటికైనా సాకు దొరుకుతుందేమో. ఈ 'అయ్యుండొచ్చు'కు దొరకదు.

ఆయన లోపలికెళ్ళి జాకెట్టు తెచ్చి నా చేతిలో పెట్టాడు. "నువ్వేసుకెళ్ళు. అలవాటైన జాకెట్టు."

వేసుకెళ్ళాను. సరస్సు ముందు నిలబడి తప్పు తలుచుకుని కుమిలిపోయానని రాస్తే బాగుంటుంది. కుమిలిపోలేదు. ఆ నీలం చూసి పిల్లాడిలా కేకలు పెట్టాను. జాకెట్టు వెచ్చగా ఉంది. నేను ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేని మనిషిలా ఆనందపడ్డాను. ఇన్నేళ్ళలో నన్ను ఎక్కువ తినేసింది ఆ ఆనందమే.

తిరిగొచ్చేసరికి బాబాయి పేరు మోగిపోతోంది. చేపల మేత కొట్టు దగ్గర అందరికీ ఆయనే చెబుతున్నాడు: "నన్ను రానివ్వడానికి చైనా వాడికి ధైర్యం చాల్లేదండీ!" జనం నవ్వేవారు, టీ ఇప్పించేవారు. ఇప్పుడు నిజం చెబితే ఈ పేరు కూడా లాక్కున్నవాణ్ణవుతానని మానేశాను. సాకు బాగుంది కదా? నాకూ బాగా నచ్చింది.

తర్వాత కరోనా వచ్చింది. దారి మూసేశారు. ఆయన డెబ్బై దాటాడు.

మొన్న ఫోను చేశాడు. "దారి మళ్ళీ తెరిచారంటరా! పేపర్లో చూశాను!" గొంతులో అదే ఐసు ఫ్యాక్టరీ హుషారు. "వయసు సంగతి ఎవరినైనా బతిమాలుకుందాం. ముందు వాళ్ళకి నా మీద కోపం పోవాలి కదా. తప్పయిందని రాస్తే ఇస్తారేమోరా. బల్బుల విషయంలో నోరు జారానని, మంచి ఇంగ్లీషులో రాసిపెట్టు. సంతకం పెట్టేస్తాను. నాకేం నామోషీ లేదు."

రాస్తానన్నాను.

చేయని తప్పుకు క్షమాపణ చెప్పడానికి ఆయనకు నామోషీ లేదు. చేసినవాడికి ఇన్నాళ్ళూ నోరు పెగల్లేదు.

ఇవాళ పొద్దున కూర్చున్నాను. ఇంగ్లీషులో 'అయ్యా' అని మొదలుపెట్టాను. ఆ తర్వాత ఒక్క ముక్క రాలేదు. తెలుగులో మొదలుపెడితే ఇదంతా వచ్చింది. ఆయనకు చూపించే ధైర్యం వస్తుందో లేదో తెలియదు. చూపిస్తే ఏమంటాడో అసలే తెలియదు. చివర్న మాత్రం, జోకులన్నీ అయిపోయాక, ఒక వాక్యం రాశాను.

మీ పేరు నేనే తీయించాను బాబాయ్.

దాని కింద ఏం రాయాలో తోచలేదు. కలం మూత పెట్టాను. చెయ్యి తేలిగ్గా ఉంది.