మూతి మూయని గుల్లలు

ఉప్పాడ దగ్గర ఉప్పుటేటి బురదలో కూరకి పనికొచ్చే గుల్లలు ఏరడం మరిడమ్మకి ముప్పై ఏళ్ల పని. బురదలో దాక్కున్న గుల్లని కంటితో కాదు, కాలి బొటనవేలితో వెతకాలి. వేలు తగలగానే అది టక్కున మూతి మూసుకుని ఇంకా లోతుకి దిగిపోతుంది. ఆలోపే లాగాలి. అదీ పనితనం.

ఈ ఏడు ఆ పనితనం అక్కర్లేకుండా పోయింది. మందుల ఫ్యాక్టరీ మురుగు గొట్టం ఏట్లో కలిసినప్పటినుంచి గుల్లలు బురద మీదే నోళ్లు తెరుచుకుని పడుంటున్నాయి. వేలు పెట్టినా మూసుకోవు. చావలేదు, మత్తులో ఉన్నట్టున్నాయి. గంటలో గంప నిండుతోంది.

"ఏంటత్తా, చెయ్యి తిరిగినట్టుందే!" అన్నాడు గుల్లలు కొనే సత్తిబాబు.

"నా చెయ్యి కాదురా అబ్బాయ్, ఆ నీళ్లు. వీటిని జనానికి అమ్మకు. నేను చేపల శాఖ ఆఫీసరు గారికి చెబుతాను."

"చెప్పు. ఆ ఫ్యాక్టరీ గేటు దగ్గరే కదా మీ నూకరాజు డ్యూటీ? ఎల్లుండికి వాణ్ణి కూడా నీ పక్కన బురదలో దింపుతారు."

కొడుక్కి ఈ పని రాదు. నేర్పుదామన్నా, నేర్పడానికి ఏం మిగిలిందని?

మరిడమ్మ గంప ఎత్తి అతని బండిలో పెట్టింది.

"రేపు రెండు గంపలు తే అత్తా."

ఆమె తలూపింది. ఆ పూట ఇంట్లో మాత్రం పప్పు వండింది.