ఎల్‌సీ ఇచ్చాక ఫోన్ చేయకుండా కూర్చోవడం

2016 వేసవిలో నాకు పెనుకొండ దగ్గరి ఒక సబ్‌స్టేషన్‌లో షిఫ్ట్ ఆపరేటర్‌గా పోస్టింగ్ వచ్చింది. ధర్మవరం నుంచి రోజూ ప్యాసింజర్ రైల్లో పోయి వచ్చేవాణ్ణి. అప్పటికే ఇరవై రెండేళ్ల సర్వీసు. పని తెలియనివాణ్ణేం కాదు.

లైన్‌మన్ స్తంభం ఎక్కాలంటే ఆ లైన్‌లో కరెంటు ఆపామన్న అనుమతి, లైన్ క్లియర్, అంటే ఎల్‌సీ, మా దగ్గర తీసుకోవాలి. మేం బ్రేకర్ ఆపి, స్విచ్ తెరిచి తాళం వేసి, లైన్‌ను భూమికి కలిపి ఎర్త్ చేసి, రిజిస్టర్‌లో రాసి నంబరు ఇస్తాం. పని ముగించి అతనే ఆ నంబరు తిరిగి చెప్పేదాకా తాళంచెవి మా జేబులోనే ఉంటుంది.

ఒక మధ్యాహ్నం చెన్నేకొత్తపల్లి వైపు పనికి లైన్‌మన్ ఓబులేసుకు ఎల్‌సీ ఇచ్చి కూర్చున్నాను. నేనే లేచి తాళం తీసి, అతను పైన ఉండగానే కరెంటు వదిలేస్తానేమో అనే తలపు వచ్చింది. ఓబులేసంటే నాకు కోపం లేదు, ఇష్టం కూడా. అప్పటి నుంచి ప్రతి ఎల్‌సీకీ అదే తలపు. పోయి తాళం చూసేవాణ్ణి, వచ్చి మళ్లీ పోయేవాణ్ణి. అదీ చాలక, బాగున్నావా అని లైన్‌మన్‌కు ఫోన్ చేసేవాణ్ణి.

ఒక రోజు ఓబులేసు పని ముగించి నేరుగా నా దగ్గరికి వచ్చాడు. “ఏం సార్, పోలు మింద ఉన్నోనికి ఇన్ని తూర్లు ఫోన్ జేస్తే ఎట్ల? మోగినప్పుడల్లా ఒక చెయ్యి ఇడ్సాల్సొస్తాది. ఈ పొద్దు జారిపడాల్సింది” అన్నాడు.

అతన్ని చంపేస్తానేమోనన్న భయంతో నేను చేస్తున్న పనే అతని ప్రాణం మీదికి తెచ్చింది.

హిందూపురంలో ఒక మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. విషయం నోరు దాటడానికే అరగంట పట్టింది. ఆవిడ తొణకలేదు. ఇలాంటి తలపులు చాలామందికి వస్తాయని, తోసేకొద్దీ ఎగబడతాయని, పదేపదే సరిచూసుకోవడం వాటికి మేత వేయడమేనని చెప్పారు. వస్తే ‘వచ్చింది’ అని గమనించి, వాదించకుండా, ఊపిరి మీదికీ నేలకు ఆనిన పాదాల మీదికీ ధ్యాస తెచ్చుకోమన్నారు. దీన్ని మైండ్‌ఫుల్‌నెస్ అంటారట. నాకు మాత్రం మా లాగ్‌షీటు గుర్తొచ్చింది. గంటగంటకూ మీటరు చూసి రాస్తాం, ముల్లు ఊగిందని పోయి పట్టుకోం. మా అసిస్టెంట్ ఇంజినీరుకు చెప్పి ఎల్‌సీల పని తోటి ఆపరేటర్‌కు అప్పగించి, రెండు నెలలు రైల్లో అదే సాధన చేశాను.

తిరిగి ఎల్‌సీ ఇచ్చే మొదటి రోజు అడిగింది ఓబులేసే. దాచకుండా అంతా చెప్పి, వేరే ఆపరేటర్ దగ్గర తీసుకుంటావా అన్నాను. “యాల సార్? ఇంత బయపడేటోడుంటే నాకు మంచిదే గదా. ఫోన్ మాత్రం జేయొద్దు” అన్నాడు.

నియమం ప్రకారం తాళం ఒక్కసారి సరిచూశాను. కుర్చీలో కూర్చుని చేతులు మోకాళ్ల మీద పెట్టుకున్నాను. తలపు వచ్చింది, పోయింది, మళ్లీ వచ్చింది. నలభై నిమిషాలు లేవలేదు. చివరికి ఫోన్ అతనే చేసి నంబరు చెప్పాడు.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా ఎల్‌సీలు ఇచ్చాను. గర్వంగానే చెప్తున్నాను, నా చేతి మీదుగా ఒక్క ప్రాణమూ పోలేదు. ఆఖరి రోజు ఎల్‌సీకి కూడా ఆ తలపు వచ్చింది. దాన్ని రాకుండా ఆపడం ఆపరేటర్ పని కాదు. తాళం ఒక్కసారి సరిగ్గా వేసి, నంబరు వచ్చేదాకా కూర్చోవడం అతని పని.