మెరూన్ జట్టులో ఖాకీ చొక్కా

మా క్యాంప్ 2 కాలనీ అమ్మాయిల హాకీ జట్టు ఇన్నేళ్లలో వేసుకున్న రంగుల చొక్కాలన్నీ ఫోటోలతో సహా గ్రౌండ్ గోడ మీద పెట్టారు, వెళ్లి చూసి రమ్మని అక్క ఫోన్ చేసింది. అక్కంటే తోడబుట్టింది కాదు, అప్పటి మా కెప్టెన్. ఇప్పుడు నెహ్రూ నగర్‌లో ఉంటోంది. మోకాళ్ల నొప్పులు కూడా మర్చిపోయి పరుగెత్తాను. అన్నేళ్లు ఆడినదాన్ని, ఆ గోడ మీద నా మొహం ఒక్కసారి చూసుకోవాలని ఆశ. దాచుకోవడం ఎందుకు?

గోడ బాగానే ఉంది. మొదట నీలం. అన్నదమ్ముల తెల్ల బనియన్లు పట్టుకొచ్చి బకెట్లో రంగు కలిపి ముంచితే, తలా ఒక నీలం తేలింది. తర్వాత మెరూన్. టైలర్ దగ్గర మిగిలిపోయిన తానుతో కుట్టించుకున్నాం, చెమట పడితే చాలు, ఒళ్లంతా ఎర్రబడేది. ఇప్పటి పిల్లలవి నారింజ, వీపు మీద పేర్లతో సహా.

మెరూన్ చొక్కా కింద మేం ఫైనల్ గెలిచిన రోజు ఫోటో ఉంది. దగ్గరికెళ్లి చూశాను. నేను లేను! అక్క భుజం మీద నా చెయ్యి మాత్రం ఉంది, మణికట్టు దాకా.

నేను గోల్‌కీపర్‌ని. గోల్‌కీపర్ చొక్కా రెండు జట్ల రంగులకీ వేరుగా ఉండాలి, అది ఆట నియమం. అందుకని నాన్న స్టీల్ ప్లాంటుకి డ్యూటీకి వేసుకెళ్లే ఖాకీ చొక్కా తొడుక్కుని ఆడేదాన్ని. జట్టు ఏ రంగుకి మారినా నాది ఖాకీయే.

"ఎవరమ్మా ఇది కోసింది?" అని అక్కడున్న నారింజ చొక్కా అమ్మాయి మీద గయ్యిమన్నాను.

"మేం కాదు ఆంటీ, సచ్చీ, నిజంగా! కెప్టెన్ ఆంటీ ఇలాగే పంపారు," అంది బెదిరిపోయి.

నాకు నమ్మబుద్ధి కాలేదు. అక్కడే నిలబడి అక్కకి ఫోన్ చేశాను.

"అవునే, నానే కత్తిరించీసినాను," అంది అక్క హాయిగా. "రంగుల గోడ కదా, అందరం మెరూన్‌లో ఉంటే బాగుంటాదని. నువ్వొక్కర్తివే ఖాకీ. ఏటి, కోపమొచ్చిందేటి?"

కోపమా! "ఆ ఫైనల్ అయినా గుర్తుందా అక్కా నీకు?" అన్నాను.

"గుర్తు లేకపోడమేటే!" అక్క పొంగిపోయింది. "ఒక్క గోలు కూడా పడనీలేదు కదే మనం!"